జనన రికార్డులు: అన్నీ సరిపోలుతున్నా పుట్టినతేదీ తప్పుతుంటే

సమస్య: చెన్నై ఆసుపత్రులలో జనన రికార్డులను డిశ్చార్జి సమ్మరీతో పోలిస్తే నూటికి నూరూ సరిపోతాయి. అయినా పుట్టినతేదీ ఒక రోజు ముందు పడిందంటూ తల్లిదండ్రులు సవరణకు వస్తూనే ఉంటారు.

మొదట, ఆ సమ్మరీని దేన్ని చూసి రాశారో అడగండి. సమ్మరీనీ, రిజిస్ట్రారుకు పంపే 1వ నంబరు ఫారాన్నీ ఒకే ప్రసవాల రిజిస్టరు చూసి నింపితే అవి కలవడంలో వింతేముంది? ఒకే తప్పు రెండు చోట్ల పడింది, అంతే. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా, రికార్డులు సరిచూశామని సంతకం పెట్టేవారిని చూసి విసిగిపోయాను. ఒకప్పుడు నేనూ అలాగే పెట్టి, మూడు నెలల రికార్డులను మళ్లీ తిరగేయవలసి వచ్చింది.

అసలు కారణం నైట్ డ్యూటీలో ఉంది. డ్యూటీ ఎక్కిన నర్సు పేజీ పైన తేదీ వేస్తుంది. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డ కూడా ఆ తేదీ కిందే చేరుతుంది. పైగా సమయం "12.20" అని మాత్రమే ఉంటే అది పగలో రాత్రో తెలియదు.

పరిష్కారం: రాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు జరిగిన ప్రసవాలనూ, 12తో మొదలయ్యే సమయాలనూ, నమూనాగా కాక అన్నిటినీ తీసి, కేస్ షీటులో ప్రసవమప్పుడే రాసిన నోట్సుతో, సిజేరియన్ అయితే ఆపరేషన్ థియేటర్ రిజిస్టరుతో సరిచూడండి. ఇకపై ప్రతి వరుసలోనూ తేదీని, 24 గంటల పద్ధతిలో సమయాన్ని రాయించండి. జననాన్ని 21 రోజులలోగా తెలపాలి గనుక తనిఖీ వారంవారం జరగాలి; నమోదయ్యాక 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షను కింద సవరణ తప్పదు, ఆధారాల కోసం తిరిగే పని కుటుంబానిదే అవుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికీ డ్రైవింగ్ లైసెన్సుకూ పుట్టినతేదీకి జనన సర్టిఫికెట్టే ఆధారం.

ఇక రికార్డుల్లో పుట్టినప్పటి బరువులు 2500, 3000 గ్రాముల దగ్గర గుమిగూడితే తూకాన్ని సర్ది రాస్తున్నారన్నమాట. 2500 గ్రాములకు తగ్గితేనే తక్కువ బరువు గనుక, 2480ని 2500 చేస్తే ఆ బిడ్డ లెక్కలోంచి జారిపోతుంది. తూకం చూపిన అంకెనే రాయించండి.

తెలుగు పేర్లు తప్పుగా పడితే తమిళ కాగితాన్ని అనుమానించండి. ఆ లిపిలో ప, బ, భలకు ఒకటే అక్షరం కాబట్టి భానుమతి ఇంగ్లీషులో పానుమతి అవుతుంది. తల్లి గుర్తింపు కార్డు చూస్తే తేలుతుంది.

కవలల వరుస మారడం, ఆడ-మగ తారుమారు కావడం అరుదు. కేస్ షీటు చూస్తే చాలు.