తొలకరికి వాటంతట అవే మొలిచే పూలమొక్కలు: పీకే ముందు ఒకసారి ఆకు చూడండి

మృగశిర కార్తె వచ్చి హైదరాబాద్‌లో రెండు మూడు వానలు గట్టిగా పడ్డాయంటే చాలు, కుండీల్లో, కాంపౌండ్ గోడ పక్కన, మెట్ల సందుల్లో సన్నసన్నగా ఏవేవో మొలుస్తాయి. చాలా ఇళ్ళల్లో జరిగేదేంటంటే అదంతా గడ్డి అనుకుని పీకేయడం, తర్వాత వారం నర్సరీకి వెళ్ళి అదే బంతి నారు, అదే బాల్సం డబ్బులిచ్చి తెచ్చుకోవడం. అవి పోయినేడు మీ ఇంట్లో పూసిన పూల గింజలేనండీ, ఎండాకాలమంతా మట్టిలో పడుండి చినుకు పడగానే లేచాయి. మొలక కనపడ్డాక ఒక పది పదిహేను రోజులు మట్టిలో చెయ్యి పెట్టకండి, ఇంట్లో పనిచేసేవాళ్ళకీ, మాలి వస్తుంటే మాలికీ ముందే చెప్పి పెట్టండి, ఎందుకంటే శుభ్రం చేస్తున్నామనుకుని వాళ్ళే ముందు ఊడ్చేస్తారు.

గుర్తుపట్టడం ఎలా అంటే, మొదట వచ్చే జంట ఆకులు వేరు, ఆ తర్వాత వచ్చే ఆకులు వేరు. రెండూ చూస్తేనే మొక్క ఏంటో తెలుస్తుంది.

బాల్సం అన్నిటికన్నా తేలిక. మొదటి రెండాకులు గుండ్రంగా, మందంగా ఉంటాయి, కాండం నీళ్ళు నిండినట్టు మెరుస్తూ ఉంటుంది, తర్వాతి ఆకులు పొడుగ్గా అంచుకి రంపపు పళ్ళతో వస్తాయి. ఇంకో సంగతి, కాండం మొత్తం లేతాకుపచ్చగా ఉంటే పూలు ఎక్కువగా తెల్లవే వస్తాయి, ఎర్ర జీర ఉంటే గులాబీ, ఎరుపు, ఊదా ఏదో ఒక రంగు వస్తుంది, అందుకని పువ్వు పూయకముందే రంగులు కలిపి నాటుకోవచ్చు.

చంద్రకాంత మొలక పెద్దది, మొదటి ఆకులే వెడల్పుగా ఉంటాయి, పక్కన తవ్వితే మిరియం గింజ లాంటి నల్లటి పెంకు కనపడుతుంది. కింద దుంప కూడా ఊరుతుంది, పైన ఎండిపోయినా మళ్ళీ వానకి దుంప నుంచే చిగురిస్తుంది. గింజ, దుంప రెండూ విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో గింజలు ఏరి పెట్టండి.

బంతి సంగతి చెప్పాలంటే ముక్కే చాలు, ఆకు కొస నలిపి వాసన చూడండి, అంతే. జీనియా ఆకులు ఎదురెదురుగా, తొడిమ లేకుండా కాండానికి అంటుకుని, తాకితే గరుగ్గా ఉంటాయి. కాస్మాస్ మొదటి ఆకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి, మన ఎండకి పసుపు, నారింజ రంగు రకమే బాగా తట్టుకుంటుంది. కాశీరత్నం మొదటి ఆకులు నడిమికి చీలి రెండు కొమ్ముల్లా ఉంటాయి, ఒకసారి చూస్తే ఇంక మర్చిపోరు. శంఖుపూల గింజ పెంకు గట్టిది, అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలుస్తాయి, కావాలని వేసేటప్పుడు మాత్రం రాత్రంతా నానబెట్టి వేయండి. టేబుల్ రోజ్‌కీ గంగవాయిల కూరకీ చాలామంది తికమక పడతారు, రెండూ నేలమీద పాకేవే, టేబుల్ రోజ్ ఆకు గుండ్రటి పుల్లలా ఉంటుంది, గంగవాయిల ఆకు చదునుగా ఉంటుంది. బిళ్ళగన్నేరు మొలక చాలా మెల్లగా పెరుగుతుంది, నున్నటి ఆకు మధ్యలో తెల్ల ఈనె కనపడేదాకా ఓపిక పట్టండి. గోడ పగుళ్ళలో వచ్చేది ఎక్కువగా ఇదే.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది గునుగు. బతుకమ్మకి కావాల్సిన పువ్వు ఇది, ఒకప్పుడు ఖాళీ ప్లాట్లలో దానంతటదే వచ్చేది, ఇప్పుడు ప్లాట్లన్నీ అపార్ట్‌మెంట్లు అయ్యాక బజార్లో కట్టలు కొనుక్కుంటున్నాం. టెర్రస్ మీద రెండు వెడల్పాటి టబ్బుల్లో కూడా చక్కగా వస్తుందండీ. కాకపోతే చిన్నప్పుడు అచ్చం కలుపు తోటకూరలా ఉంటుంది, రెండూ ఒకే కుటుంబం మరి. తేడా ఎక్కడంటే, కలుపు తోటకూర ఆకుకి పొడుగు కాడ ఉంటుంది, ఆకు కొసన చిన్న నొక్కు ఉంటుంది. గునుగు ఆకు సన్నగా కోసుగా ఉంటుంది, కాడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. తెలియకపోతే ఆరేడు ఆకులు వచ్చేదాకా ఉంచేయండి, పోయేదేం లేదు.

మొహమాటం లేకుండా పీకాల్సింది వయ్యారిభామ. నేలకి పరుచుకుని, లోతుగా చీలిన లేతరంగు ఆకులతో, సన్న నూగుతో వస్తుంది, చూడ్డానికి చామంతిలా ఉండి మోసం చేస్తుంది. బంతి అనే అనుమానం వస్తే వాసనే పరీక్ష. చర్మానికి దురద, కొందరికి ఆయాసం తెప్పిస్తుంది కాబట్టి గ్లౌజులు వేసుకుని పూత రాకముందే వేరుతో సహా తీసేయండి.

ఇక వచ్చే ఏడాదికి గింజ రాలాలంటే ఈ సీజన్‌లోనే కొన్ని పూలు వదిలేయాలి. వాడిన పువ్వు తుంచితే ఇంకా పూస్తుంది, నిజమే, కానీ చివరి నెలలో తుంచడం ఆపేయండి, మొక్క మీదే పూర్తిగా ఎండనివ్వండి. బాల్సం కాయ ఉబ్బి, ఆకుపచ్చ కాస్త పాలిపోయినప్పుడు వేలితో ఊరికే తాకి చూడండి, టప్ మని పేలి తొక్కలు లోపలికి చుట్టుకుపోతాయి, గోధుమరంగు గింజలు పక్క కుండీల దాకా ఎగురుతాయి. గింజలు దాచుకోవాలంటే అరచెయ్యి దోసిలి పట్టి కాయని అందులోనే నొక్కండి. కనకాంబరం ఎండుకాయలైతే నీళ్ళు తగిలితే పేలతాయి, వాన పడ్డాక తల్లి మొక్క చుట్టూ పిల్లలు వచ్చేది అందుకే. ఢిల్లీ కనకాంబరం మాత్రం గింజ పట్టదు, కొమ్మలతోనే పెంచుకోవాలి.

దసరాకి గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల దండ ఎండాక పారేయకండి, రేకుల కింద నల్లటి సన్న పుల్లల్లాంటివే గింజలు, చిదిమి మట్టి మీద చల్లండి. అన్నీ మొలవవు, అమ్మడానికి తెంపే పువ్వులో గింజ పూర్తిగా ముదరదు కదా. ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ అని ఉన్న రకాలైతే రెండో ఏడు అదే సైజు, అదే రంగు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, మొక్క మాత్రం బాగానే వస్తుంది, నాకైతే ఆ కలగాపులగం రంగులే ఇష్టం.

ఎండాకాలంలో పాత కుండీ మట్టి పారబోయకండి, గింజలన్నీ అందులోనే ఉన్నాయి. లోతుగా తిరగేయకండి కూడా, టేబుల్ రోజ్, గునుగు లాంటి సన్న గింజలు లోపలికి పోతే మొలవవు. పైపైన గుప్పెడు వర్మీకంపోస్ట్ చల్లితే సరిపోతుంది. ఎండుటాకులు మందంగా కప్పి ఉంటే మే ఆఖర్లో పక్కకి జరపండి.

మొలకలు నాలుగైదు ఆకులకి వచ్చాక పలచన చేయక తప్పదు, మనసు ఒప్పకపోయినా చేయాలి, ఇరుకులో ఉంటే అన్నీ సన్నగా సాగి వాలిపోతాయి. 12 అంగుళాల కుండీకి ఒక బంతి, లేదా రెండు బాల్సం, అంతకన్నా వద్దు. మిగతావి ముసురు పట్టిన రోజు సాయంత్రం మట్టితో సహా తీసి వేరే చోట నాటండి, పక్కింటివాళ్ళకీ ఇవ్వండి. శంఖుపూలు, కాశీరత్నం వేరు కదిపితే అలుగుతాయి, వాటిని మొలిచిన చోటే ఉంచి పందిరికి ఒక దారం కట్టండి.

గునుగుని బతుకమ్మకి కోసేటప్పుడు ప్రతి టబ్బులో రెండు మూడు కంకులు వదిలేయండి. ఎండాక తెల్ల కాగితం మీద అరచేతుల మధ్య నలిపితే పొట్టు ఎగిరిపోయి నల్లగా మెరిసే గింజలు మిగులుతాయి. సగం ఆ టబ్బులోనే చల్లి, మిగతా సగం నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో పెట్టి పేరు రాసి ఉంచండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది.