వీల్ లాక్ నట్ కీ పోయిందా? సుత్తి ఎత్తే ముందు ఇది చదవండి

అల్లాయ్ వీల్స్ ఎవరూ విప్పుకుపోకుండా ఒక్కో చక్రానికి ఒక లాక్ నట్ బిగిస్తారు. దాని తల మీద వంకర టింకర గాడి ఉంటుంది, మామూలు స్పానర్ దానికి పట్టదు. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే చిన్న అడాప్టర్‌నే అందరూ కీ అంటారు. అది లేకపోతే దొంగకే కాదు, ఓనరుకీ చక్రం ఊడిరాదు. పైగా ఈ సంగతి తెలిసేది ఎప్పుడంటే, పంక్చరై జాకీ బయటికి తీసినప్పుడు.

కీ నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకోండి. డిక్కీలో స్టెప్నీ కింద, జాకీని పెట్టే అచ్చులో ఉండే చిన్న గుంటలో, టూల్ సంచి అడుగున, గ్లవ్ బాక్స్‌లో, సీట్ల కింద వెతకండి. నాలుగు చక్రాల దగ్గరా వంగి చూడండి, ఎందుకంటే పని అయ్యాక కీని నట్ మీదే వదిలేసేవాళ్ళు ఉంటారు. చివరిసారి టైర్లు మార్చినవాళ్ళకి ఫోన్ కొట్టండి, కీ వాళ్ళ సాకెట్ (నట్ తలకి తొడిగి తిప్పే గిన్నె లాంటి పనిముట్టు) లోపల ఇరుక్కుని వాళ్ళ డబ్బాలోకే వెళ్ళిపోయి ఉండొచ్చు.

దొరకలేదా, అయితే కోడ్ వెతకండి. కారు మాన్యువల్‌తో పాటు ఇచ్చే కాగితాల్లో ఒక చిన్న కార్డో స్టిక్కరో ఉంటుంది, దాని మీద కీ నంబరు ఉంటుంది. అది ఉంటే కొత్త కీ తెప్పించుకోవచ్చు. కోడ్ కూడా లేకపోతే నట్ తలని బాగా తుడిచి, ఎదురుగా దగ్గర నుంచి ఫోటో తీసి మీ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చూపించండి. చాలాచోట్ల అన్ని గాడులకీ సరిపోయే మాస్టర్ సెట్ ఉంటుంది, నిమిషాల్లో తీసేస్తారు. కారు కదిలే స్థితిలో ఉంటే నా ఓటు దీనికే, మిగతావన్నీ నట్‌ని పాడుచేసే పద్ధతులే.

ఇక మీరే తీయాలనుకుంటే, చాలామంది చేసే పని ఒకటి మీరు చేయకండి: మామూలు నట్లు ముందే విప్పేయడం. అవి వదులైతే చక్రాన్ని పట్టి ఉంచే భారమంతా లాక్ నట్ మీదే పడి అది ఇంకా మొండికేస్తుంది. అన్నీ బిగించే ఉంచి లాక్ నట్‌నే ముందు కదిలించాలి. కారు నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, చక్రాలకి అడ్డు పెట్టండి. జాకీ మీద లేపి పొడవాటి రాడ్‌తో గుంజితే కారు జారి పడుతుంది.

తర్వాత నట్ తల చుట్టూ ఉన్న రింగుని ప్లైయర్‌తో పట్టి తిప్పి చూడండి. అది దానంతట అది గిరగిరా తిరుగుతుంటే దాని మీద సాకెట్‌ని సుత్తితో దిగ్గొట్టి లాభం లేదు, నట్ కదలదు, రింగే తిరుగుతుంది. అలాంటిదైతే కింద చెప్పిన మెకానిక్ దారి పట్టండి.

రింగు తిరగకపోతే పాత సాకెట్ ఒకటి బలి ఇవ్వడానికి సిద్ధపడండి. నట్ బయటి కొలత కన్నా కొంచెం చిన్నది, లోపల 12 మూలలున్నది, గోడ పల్చగా ఉన్నది కావాలి. మందంగా ఉంటే అల్లాయ్ గుంటలోకే దిగదు. కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టుకుని, సాకెట్‌ని నట్ మీద నిటారుగా పెట్టి, కిలో పైబడిన సుత్తితో తిన్నగా కొట్టండి. మొదట్లో దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది, సాకెట్ అడుగుదాకా దిగాక శబ్దం మారి ఖంగుమంటుంది, అక్కడితో ఆపేయాలి. ఇంకా బాదితే బేరింగుకి దెబ్బ తప్ప ఉపయోగం లేదు.

ఇప్పుడు బ్రేకర్ బార్ (సాకెట్‌కి తగిలించే పొడవాటి పిడి) తగిలించి, ఒక చేత్తో సాకెట్ తలని చక్రానికి అదిమిపట్టి, రెండో చేత్తో ఎడమవైపుకి (గడియారం ముల్లుకి ఎదురు దిశలో) నిదానంగా బరువు వేయండి. కుదుపులు వద్దు, బార్ మీద ఎక్కి తొక్కడం అసలే వద్దు. ఫట్‌మని ఒక శబ్దం వస్తుంది, సాకెట్ విరిగిందేమోనని టెన్షన్ పడతారు, కానీ చాలాసార్లు అది నట్ పట్టు వదిలిన శబ్దమే. ఒక్క క్షణం ఆగి సాకెట్ నిటారుగానే ఉందో లేదో చూసుకుని కొనసాగించండి. ఇంపాక్ట్ గన్ (టైర్ల షాపుల్లో అదురుతూ నట్లు విప్పే మిషను) జోలికి పోకండి, ఆ అదురుకి సాకెట్ పట్టు జారి నట్ చుట్టూ నున్నగా గీరేస్తుంది, ఆ తర్వాత ఏదీ పట్టదు.

కొంచెం డబ్బు పెట్టగలిగితే ఇలాంటి మొండి నట్లు తీయడానికే చేసిన ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ కొనుక్కోండి. లోపల ఎదురు మెలిక ఉంటుంది కాబట్టి విప్పే వైపు తిప్పేకొద్దీ ఇంకా గట్టిగా కొరుకుతుంది. పని అయ్యాక నట్ అందులోనే ఇరుక్కుంటుంది, సాకెట్‌ని వైస్‌లో బిగించి వెనక చదరపు రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొడితే ఊడుతుంది. తుప్పు పట్టిందనిపిస్తే ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొద్దిగా కొట్టొచ్చు, కానీ బ్రేక్ డిస్క్ మీద పడితే బ్రేకులు పట్టవు, జాగ్రత్త.

రింగు తిరిగే రకమైతే, లేదా తల ఇప్పటికే నున్నగా అరిగిపోయి ఉంటే, ఆ రింగుని కోయాలి, లేదంటే నట్‌ని డ్రిల్ చేయాలి. అది గట్టిపరిచిన ఉక్కు, మామూలు డ్రిల్ బిట్ మొన నిమిషంలో పోతుంది. మీ కారుకి బోల్టులైతే తల ఎగిరిపోయాక చక్రం తీసి మిగిలిన ముక్కని పట్టి తిప్పి తీయొచ్చు, స్టడ్ (చక్రం వెనక నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీ) మీద నట్ అయితే స్టడ్ కూడా మార్చాల్సి రావచ్చు. వెల్డింగ్ చేసి తీసేవాళ్ళు కూడా ఉన్నారు, కానీ గాలి నిండిన టైరు పక్కన అంత వేడి పెడితే టైరు పేలే ప్రమాదం ఉంది. ఇవి ఇంట్లో చేసే పనులు కావు. మెకానిక్‌కి ఇచ్చే ముందు అల్లాయ్ మీద గీత పడితే ఎవరు భరిస్తారో మాట్లాడుకోండి.

ఒకటి ఊడగానే సంబరపడిపోయి ఆపకండి, మిగతా మూడు చక్రాలకీ అదే తాళం ఉంది, అదే రోజు తీసేయండి. కొత్త నట్లు కొనేటప్పుడు మర కొలత (ఎం12, ఎం14 రకం) ఒకటే చూస్తే చాలదు, చక్రంలో కూర్చునే భాగం కూడా పాతదానిలాగే ఉండాలి: ఏటవాలుగా ఉన్నచోట గుండ్రంది పెడితే అది ఎంత బిగించినా వదులవుతుంది. బిగింపు ఎంతో మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగించామో చూపించే స్పానర్) బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడండి. మళ్ళీ లాక్ నట్లే వేయించుకుంటే ఆ కీ నంబరు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, కీ మాత్రం గ్లవ్ బాక్స్‌లో ఉంచండి, టైర్ల షాపు నుంచి కదిలే ముందు అది తిరిగి అక్కడికి చేరిందో లేదో చూసుకోండి.