లైపో వైర్ల పని – 5వ పాఠం: కనెక్టర్‌ను ఎవరు పట్టుకుంటారు?

లైపో అంటే రిమోట్ మోడళ్ళలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ. దాని వైర్ల పనిలో ఈసారి బుల్లెట్ కనెక్టర్లు (గుండ్రటి ఒంటి పిన్ను కనెక్టర్లు) చెబుతానన్నాను. అవి వచ్చే పాఠానికి పోయాయి. నాలుగో పాఠం చదివి ఎక్స్‌టీ60 (రెండు పిన్నుల పసుపు కనెక్టర్) వైర్లకు సోల్డర్‌తో అతికించినవాళ్ళు పంపిన ఫొటోలు చూశాక ముందు ఈ సంగతి తేల్చక తప్పదనిపించింది. పీలేరు నుంచి ఒకాయనకు పిన్నులు రెండూ చెరోవైపు వాలిపోయి ఛార్జర్ కనెక్టర్‌లోకి దిగడం లేదు. రేణిగుంట అబ్బాయికి పసుపు ప్లాస్టిక్ ఒకవైపు కరిగి కుంగింది. మూడోది చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, పైన సోల్డర్ గుండ్రంగా మెరుస్తోంది. లాగితే మాత్రం వైరు ఊడి చేతికొచ్చిందట.

ముగ్గురూ సోల్డరింగ్ ఐరన్‌నే అనుమానించారు. 25 వాట్ల ఐరన్ 12 గేజ్ లావు వైరుకు చాలదు, నిజమే. 60 వాట్లు, వెడల్పు మొన బిట్టు కావాలి. కానీ వీళ్ళలో ఇద్దరి దగ్గర ఉన్నది 60 వాట్లదే. కనెక్టర్‌ను దేనితో పట్టుకున్నారని అడిగితే అసలు విషయం బయటపడింది. ఒకరు నోస్ ప్లేయర్‌తో పిన్నునే పట్టుకున్నారు. ఒకరు థర్డ్ హ్యాండ్ (క్లిప్పులతో వస్తువును పట్టి ఉంచే స్టాండు) వాడారు. ఇంకొకరు వైరు పట్టుకోమని తమ్ముడికిచ్చారు. రాగి వైరులో వేడి చాలా త్వరగా పాకుతుంది. వేలు కాలితే తమ్ముడు కదులుతాడు, అందులో అతని తప్పేమీ లేదు. కాని 60/40 సోల్డర్ (60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం) 183 డిగ్రీల దగ్గర పూర్తిగా గట్టిపడేదాకా కాస్త ముద్దలా ఉంటుంది. సరిగ్గా అప్పుడు వైరు కదిలితే లోపల అతుకు నలిగిపోతుంది. నా మట్టుకు నేను 63/37 తప్ప వాడను. అది ముద్ద దశ లేకుండా ఒక్కసారిగా గట్టిపడుతుంది. ధర కాస్త ఎక్కువైనా దాన్నే కొనండి.

మీ ఒక చేతిలో ఐరన్, ఇంకో చేతిలో సోల్డర్ లేదా వైరు. కనెక్టర్ పట్టుకోవడానికి మీకు చెయ్యి మిగలదు, మిగలకూడదు కూడా.

పిన్నులు వాలకుండా ఉండాలంటే, అతికించే ఎక్స్‌టీ60కి దాని జత ముక్కను ముందే పూర్తిగా గుచ్చండి. ప్లాస్టిక్ మెత్తబడినా జత లోపలి లోహం పిన్నులను నిటారుగా నిలబెడుతుంది, అదనపు వేడిని కొంత లాక్కుంటుంది. బెంచ్ వైస్‌లో బిగించాల్సింది ఆ జత ముక్కనే, మీ కొత్త కనెక్టర్‌ను కాదు. నొక్కుడంతా దాని మీదే పడుతుంది. వైస్ లేకపోతే కొయ్య బట్టల క్లిప్పు, అదీ లేకపోతే ప్లేయర్ పిడికి రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టినా చాలు. ఈ పనికి పాత ముక్క ఒకటి కేటాయించి, మార్కర్‌తో నల్లగా గీత పెట్టుకోండి. పదేపదే వేడెక్కింది కాబట్టి దాన్ని మళ్ళీ మోడల్‌లో వాడొద్దు. ఆ జత ముక్క దేనికీ తగిలించి ఉండకూడదు, ముఖ్యంగా బ్యాటరీకి. ఇది చెప్పాలా అనుకున్నాను, కాని ఒక ఫొటోలో అదే ఉంది.

ఇక థర్డ్ హ్యాండ్. భూతద్దం, రెండు మొసలి క్లిప్పులు, బరువైన ఇనుప దిమ్మ. అందరూ మొదట కొనేది ఇదే. సన్న వైర్లకు, చిన్న సర్క్యూట్ బోర్డులకు పనికొస్తుంది, కాదనను. లైపో వైర్ల దగ్గర మాత్రం దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మీ మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ఒక మొన ఎడమ క్లిప్పు పళ్ళకు, ఇంకోటి కుడి క్లిప్పు పళ్ళకు తాకించండి. మామూలు రకమైతే కూస్తుంది. ఎందుకంటే క్లిప్పు, దాని కీలు, అడ్డ కడ్డీ, అవతలి కీలు, అవతలి క్లిప్పు అన్నీ లోహమే. అంటే ఆ రెండు క్లిప్పులూ కరెంటు లెక్కన ఒకే తీగ. ఇప్పుడు బ్యాటరీ ఎర్ర వైరు ఒక క్లిప్పులో, నల్ల వైరు ఇంకో క్లిప్పులో పెట్టారనుకోండి. ప్యాక్‌ను మీ చేత్తో మీరే షార్ట్ చేశారు. 2200 ఎంఏహెచ్ (2.2 ఆంపియర్-గంటల నిల్వ), 25సీ (దానికి 25 రెట్ల కరెంటు) ప్యాక్ అంటే మామూలుగానే 55 ఆంపియర్లు ఇవ్వగలిగింది. షార్ట్‌లో అంతకు మించి పోస్తుంది. నిండా ఛార్జైన 3ఎస్ (మూడు సెల్‌ల ప్యాక్) 12.6 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అంటారు. షాక్ సంగతి కాదు, మంట సంగతి.

"నేను తొడుగు మీదే పట్టించాను సార్" అనేవాళ్ళూ ఉన్నారు. సిలికాన్ తొడుగు 200 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది గానీ పంటిగాటుకు ఆగదు. క్లిప్పు పళ్ళు అందులోకి దిగిపోతాయి. పైగా 12 గేజ్ వైరు బరువుకు ఆ కీళ్ళు మెల్లగా వాలతాయి, సరిగ్గా సోల్డర్ గట్టిపడే వేళకే. క్లిప్పుతో నేరుగా పిన్నునే పట్టిస్తే వేడంతా క్లిప్పులోకి పోతుంది. అతుకు వేడెక్కలేదని మీరు ఐరన్ ఇంకాసేపు ఆనిస్తారు, ప్లాస్టిక్ కరుగుతుంది. రేణిగుంట అబ్బాయి కథ ఇదే. కొన్నది పారేయలేం అంటే పళ్ళకు హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడిగి, ఒక్క క్లిప్పు మాత్రం వాడండి.

బ్యాటరీ వైర్లు ఒకటొకటిగా చేయాలి. ఒకటి అతికించి, ష్రింక్ ఎక్కించి, చల్లారాకే రెండోదాని కొసకు చుట్టి ఉంచిన టేపు విప్పండి. ఎటువైపు ప్లస్సో కనెక్టర్ మీదే అచ్చువేసి ఉంటుంది. బ్యాటరీకి లోపలికి గుంటలున్న పిన్నుల ముక్కే రావాలి, బయటికి పొడుచుకొచ్చేది కాదు. మిగతావి మీకు తెలిసినవే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెక్క దిమ్మ. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర మిగిలే గట్టి కొయ్య ముక్క దొరికితే అదృష్టం, లేకపోతే వడ్రంగి దగ్గర అడగండి. అందులో ఎక్స్‌టీ60 జత ముక్క బిగుతుగా కూర్చునేలా ఒక గాడి తీయండి. పక్కనే అంగుళం దూరంలో ఒక మేకు కొట్టి, వైరును దానికి రబ్బరు బ్యాండుతో ఆనించండి. కొయ్య వేడిని లాగదు, కరెంటును పంపదు. 3.5, 4 మిల్లీమీటర్ల రంధ్రాలు కూడా ఇప్పుడే వేసిపెట్టండి, బుల్లెట్ల పాఠంలో కావాలి. ఇదే పని చేసే అల్యూమినియం జిగ్గులు అమ్ముతారు. అందంగా ఉంటాయి, వేడిని మాత్రం తాగేస్తాయి.

ఇంకోటి, ఫ్యాను. తిరుపతి మే నెలలో ఫ్యాను ఆపమంటే నన్ను తిడతారు. ఆపక్కర్లేదు, గాలి నేరుగా బల్ల మీద పడకుండా తిప్పండి. గాలికి అతుకు వేడెక్కదు.

అభ్యాసం: బ్యాటరీ వద్దు. 12 గేజ్ వైరు ముక్కలు, రెండు జతల ఎక్స్‌టీ60లు తీసుకుని ఎనిమిది అతుకులూ వేయండి. ఐరన్ ఆనించిన దగ్గర్నుంచి ఐదారు సెకన్లలో ఒక్కోటి అవ్వాలి. ఒక్కో వైరుకు రెండు లీటర్ల నీళ్ళ సీసా కట్టి వేలాడదీయండి. ఊడినవి మళ్ళీ చేయండి. తర్వాత నిలిచినవాటిలో ఒకటి తీసుకుని, సన్న హాక్సా బ్లేడుతో పిన్నును నిలువుగా కోయండి. లోపల వైరు పోగుల మధ్య సోల్డర్ నిండిందా, ఖాళీలున్నాయా కనిపిస్తుంది. ఆ కోసిన ముక్క ఫొటో పంపండి. పైనుంచి తీసిన మెరుపు ఫొటోలు పంపొద్దు.