మింట్‌లో పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే

లినక్స్ మింట్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోందా? తొందరపడి ఓఎస్ మళ్లీ ఎక్కించకండి. పాస్‌వర్డ్ తప్పైతే తెర మీదే చెప్పేది. ఇలా వెనక్కి తోస్తోందంటే లాగిన్ అయింది, డెస్క్‌టాప్ మొదలవలేకపోయింది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, వచ్చిన నల్ల తెరలో లాగిన్ అవ్వండి (పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కంగారు పడొద్దు). ముందు ‘డీఎఫ్ -హెచ్’ కొట్టండి, డిస్క్ ఎంత నిండిందో చూపిస్తుంది. రూట్ (‘/’ అని కనిపించే వరుస) గానీ హోమ్ గానీ 100% నిండితే దొంగ దొరికినట్టే, సెషన్ ఫైళ్లు రాసుకోవడానికి చోటు లేదు. ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొడితే (‘సుడో’ అంటే అడ్మిన్ అధికారంతో చేయమని) దించుకున్న ప్యాకేజీలు పోయి కొంత ఖాళీ అవుతుంది.

చోటుంటే హోమ్‌లో ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొట్టి, ‘.ఎక్స్‌అథారిటీ’ ఫైలు (డెస్క్‌టాప్ తెర వాడుకోవడానికి మీ సెషన్‌కి కావాల్సిన అనుమతి ఇందులో ఉంటుంది) ఎవరి పేరున ఉందో చూడండి. అందులో ఎక్స్ ఒక్కటే పెద్దక్షరం. ‘సుడో స్టార్ట్‌ఎక్స్’ లాంటివి వాడితే అది రూట్ (అడ్మిన్ ఖాతా) పేరుకి మారిపోతుంది, ఇక మీ సెషన్ దాన్ని తెరవలేదు. ‘ఎంవీ’తో పేరు మార్చేయండి. హోమ్ ఫోల్డర్ మీదే కాబట్టి సుడో అక్కర్లేదు, తర్వాతి లాగిన్‌లో కొత్త ఫైలు దానంతటదే పుడుతుంది. తీసిపారేయడం కన్నా పేరు మార్చడమే మేలు. హోమ్ ఫోల్డరే రూట్ పేరున ఉంటే మాత్రం ‘సుడో చోన్’ (chown)తో మీ పేరుకి మార్చాలి.

తర్వాత ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ లైట్‌డీఎం’ కొట్టండి, లాగిన్ తెర చూపే ప్రోగ్రామ్ మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ డెస్క్‌టాప్ రాకపోతే మళ్లీ ఆ నల్ల తెరకొచ్చి ‘టెయిల్ -20 .ఎక్స్‌సెషన్-ఎర్రర్స్’ కొట్టండి, ఏది కూలిందో చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.