గుండె పేషెంట్లు నీళ్లలో వ్యాయామం ఎలా చేయాలి?

నేను ఫిజియోథెరపిస్టుని. స్టెంట్ పడినవాళ్లనీ, బైపాస్ అయినవాళ్లనీ పూల్‌లో నడిపించడం నా పనిలో ఒక భాగం. మోకాళ్లు అరిగి వాకింగ్ మానేసినవాళ్లకు నీళ్లు వరమే. నడుము లోతులో నిలబడితే కాళ్ల మీద బరువు దాదాపు సగం తగ్గిపోతుంది. అయితే మోకాలికి తేలిక కదా అని గుండెకూ తేలికే అనుకోకండి.

మెడ దాకా దిగితే కాళ్లలో, పొట్టలో ఉండే రక్తం సుమారు 700 మిల్లీలీటర్లు ఛాతీలోకి చేరుతుంది. నీటి ఒత్తిడి చేసే పని ఇది. ఊరికే నిలబడ్డా గుండెకు అదనపు పనే. పంపింగ్ తగ్గిన గుండెకు అక్కడే ఆయాసం మొదలవచ్చు. అందుకే నా లెక్కలో లోతే డోసు. "ఇంకాస్త లోపలికి వెళ్తానమ్మా, హాయిగా ఉంది" అంటారు ఒక రిటైర్డ్ మేస్టారు. "హాయిగానే ఉంటుంది మేస్టారూ, నడుము దాటొద్దు" అంటాను నేను.

ముందు కార్డియాలజిస్టు ఒప్పుకోవాలి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వస్తున్నా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా, గుండె లయ అదుపులో లేకపోయినా దిగకూడదు. హార్ట్ ఎటాక్ వచ్చి ఆరు వారాలు కాకపోయినా, కుట్లు పూర్తిగా మానకపోయినా అంతే.

బయల్దేరే ముందు ఇంట్లో రెండు చూసుకోండి. ఒకటి బరువు: మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే పూల్ సంగతి వదిలేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. రెండోది కాలు. చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టి తీయండి. గుంట వెంటనే పూడకుండా అలాగే ఉండిపోయిందంటే ఒంట్లో నీరు చేరినట్టే. ఆ రోజు దిగొద్దు.

నీళ్లు 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. డిసెంబరు పొద్దున హైదరాబాద్‌లో మామూలు స్విమ్మింగ్ పూల్ మీకు పనికిరాదు. చల్లటి నీళ్లు తగలగానే బీపీ పెరుగుతుంది, గుండె లయ కూడా తప్పవచ్చు.

దూకకండి, మెట్ల మీదుగా దిగండి. రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడి, తర్వాత నడవండి. ముందుకు, వెనక్కి, పక్కకి. మొదట్లో పది నిమిషాలు చాలు. నేనైతే అడుగులు పైకి వినబడేలా లెక్కపెట్టిస్తాను. నోరు ఆడుతుంటే ఊపిరి బిగబట్టలేరు, బిగబడితే బీపీ ఎగసిపోతుంది. పైగా ఆయాసమూ తెలిసిపోతుంది: లెక్క మధ్యలో తెగితే ఆపేయాల్సిందే. నాడి చూసుకుని ధైర్యపడకండి. నీళ్లలో అది మామూలుగానే తగ్గుతుంది, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు మరీను.

నా టెన్షన్ అంతా బయటికి వచ్చేటప్పుడే. నీటి ఒత్తిడి పోగానే రక్తం కాళ్లలోకి జారుతుంది, కళ్లు తిరుగుతాయి. మెట్టు మెట్టుకీ ఆగుతూ, కడ్డీ పట్టుకుని రండి. గట్టు మీద కుర్చీ, తువ్వాలు, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర, మీ సంగతి తెలిసిన మనిషి ఉండాలి. తర్వాత ఆవిరి స్నానం, వేడి నీళ్ల టబ్బు వద్దు.

మర్నాడు పొద్దున లేవగానే నీరసంగా ఉంటే, తర్వాతిసారి సమయం సగానికి తగ్గించండి, లోతు అస్సలు పెంచొద్దు.