నరాల నొప్పికి ఇంట్లో టెన్స్ మిషన్ ఎలా పెట్టుకోవాలి?

టెన్స్ అంటే ఒంటికి ప్యాడ్లు అంటించి సన్న కరెంటు ఇచ్చే చిన్న మిషన్. మా వైపు దీన్ని టెన్స్ అని ఎవరూ అనరు. "కరెంటు పెట్టించుకున్న" అంటారు. షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలు, నడుము నుంచి మడమ దాకా గుంజే సయాటికా, సర్పి (హెర్పిస్ జోస్టర్) మానిపోయాక కూడా నెలల తరబడి వదలని మంట... నరానికి పట్టిన నొప్పి ఏదైనా అంత తొందరగా పోదు. నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఈ మధ్య చాలా ఇళ్లలో టెన్స్ మిషన్ కనిపిస్తోంది. హైదరాబాద్‌లో ఉండే కొడుకో కూతురో ఆన్‌లైన్‌లో తెప్పించి ఇస్తారు. నాలుగు రోజులు పెట్టుకుంటారు. "ఇది పని చేస్తలేదు సార్" అని బీరువా మీద పడేస్తారు. దించి చూస్తే మిషన్ బాగానే ఉంటుంది. ప్యాడ్ అంటించిన చోటే తప్పు.

ముందు ఇది ఏం చేస్తుందో తెలియాలి. బర్రె తన్నినా, గడప తగిలినా మన చెయ్యి వెంటనే అక్కడికి పోయి రుద్దుతుంది. రుద్దితే కొంచెం నయమనిపిస్తుంది. స్పర్శను మోసే లావు నరాల పోగులు వెన్నుపాము దగ్గర, నొప్పిని మోసే సన్న పోగుల కబురును కొంతవరకు అణచిపెడతాయి. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతినే ఒక గేటు మూసుకోవడంతో పోల్చి చెప్పారు. టెన్స్ కూడా ఇలా రుద్దడం లాంటిదే, కాకపోతే సన్న కరెంటుతో. అంతకు మించి ఏమీ లేదు. నరాన్ని బాగు చేయదు, షుగర్ తగ్గించదు, జారిన డిస్కును లోపలికి నెట్టదు.

డబ్బు పెట్టే ముందు ఇంకో మాట కూడా తెలుసుకోండి. 2010లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ షుగర్ నరాల నొప్పికి టెన్స్ వాడి చూడొచ్చని చెప్పింది, చాలాకాలంగా ఉన్న నడుము నొప్పికి మాత్రం సిఫారసు చేయలేదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి 2017లో కొక్రేన్ అనే సంస్థ ఇచ్చిన సమీక్ష, నరాల నొప్పికి ఇది పని చేస్తుందో లేదో తేల్చి చెప్పేంత గట్టి ఆధారాలు లేవని చెప్పింది. నేను చూసినంతలో కొందరికి పెట్టుకున్నంతసేపూ, ఆ తర్వాత గంటో రెండు గంటలో నొప్పి తగ్గుతుంది. రాత్రి మంటలతో నిద్ర పట్టని మనిషికి ఆ రెండు గంటలు చిన్న విషయం కాదు. కొందరికి ఏమీ తగ్గదు. డాక్టర్ రాసిన మందులు మాత్రం ఎవరూ మానకూడదు.

ఎవరు ముట్టుకోకూడదు

గుండెలో పేస్‌మేకర్ గానీ షాక్ ఇచ్చే పరికరం గానీ ఉన్నవాళ్లు ఇంట్లో పెట్టుకోకూడదు. గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా పెట్టుకోవద్దు, పొట్ట మీద అసలే వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లు, క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవాళ్లు, కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని చెప్పినవాళ్లు కూడా ముందు డాక్టర్‌ను అడగాలి. మెడ ముందు భాగం, కళ్లు, తల, ఛాతీ ముందు వైపు, పుండ్లు, దద్దుర్లు ఉన్న చోట్ల ఎవరికైనా సరే ప్యాడ్ పడకూడదు.

నల్లగొండ జిల్లా వాళ్లకు ఇంకో హెచ్చరిక ఉంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఫ్లోరోసిస్‌లో వెన్నెముక ఎముకలు, వాటిని పట్టి ఉంచే కట్లు గట్టిపడి, మందమై, లోపలి నరాల మీద, కొందరిలో వెన్నుపాము మీదే ఒత్తిడి పడుతుంది. అలాంటి మనిషికి కాళ్లు బిర్రబిగుస్తున్నా, నడక తూలుతున్నా, పాదం పైకి లేవకపోయినా అది కరెంటు పెట్టుకుని సర్దుకునే నొప్పి కాదు. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. వయసైంది కదా అని వదిలేయొద్దు.

కావలసినవి

రెండు ఛానళ్ల (అంటే రెండు జతల ప్యాడ్లకు విడివిడిగా కరెంటు ఇచ్చే) టెన్స్ మిషన్, వైర్లు, అంటుకునే జెల్ ప్యాడ్లు నాలుగు, బ్యాటరీ. ప్యాడ్లు ఐదు సెంటీమీటర్ల చదరపువే తీసుకోండి. గుండ్రటివి, సీతాకోకచిలుక ఆకారంవి వద్దు. వీటితో పాటు ఒక టూత్‌పిక్, ఒక బాల్‌పెన్ను కావాలి. ఈ రెండూ డబ్బాలో రావు, కానీ మిషన్ కంటే ముందు పని వీటితోనే.

కాలు సబ్బుతో కడిగి, బాగా తుడిచి ఆరనివ్వండి. కొబ్బరినూనె, బామ్, పౌడర్ ఏదీ ఉండకూడదు. వెంట్రుకలు దట్టంగా ఉంటే కత్తెరతో కత్తిరించండి. బ్లేడుతో గీకితే సన్న గాట్లు పడి చురుక్కుమంటుంది. కుర్చీలో కూర్చోవాలి. మంచం మీద పడుకుని పెట్టుకుంటే నిద్ర వస్తుంది, నిద్రలో ఇది ఒంటి మీద ఉండకూడదు.

ప్యాడ్ ఎక్కడ అంటించాలి

తొందరపడకుండా చదవాల్సిన భాగం ఇదే.

నొప్పి ఎక్కడుంటే ప్యాడ్ అక్కడే అంటించాలని అందరూ అనుకుంటారు. మోకాలి నొప్పికైతే అది కొంతవరకు చెల్లుతుంది. నరాల నొప్పికి చెల్లదు. షుగర్ వల్ల మండే పాదంలో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి: మంటా ఉంటుంది, మొద్దుబారడమూ ఉంటుంది. లోపల నిప్పులు తొక్కినట్టు ఉంటుంది, పైన చెప్పు జారిపోయినా తెలియదు. అలాంటి చర్మానికి కరెంటు ఎంత పడుతోందో కూడా తెలియదు.

పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక క్లినిక్‌లో నేనే ఈ తప్పు చేశాను. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న ఒక రైతుకు రెండు పాదాల మీదా ప్యాడ్లు పెట్టాను. "ఏం తెలుస్తలేదు సార్, పెంచు" అన్నాడు. పెంచాను. మళ్లీ అదే మాట, మళ్లీ పెంచాను. ఆ ప్యాడ్లు పాతవి, ఎండిపోయి ఒకదాని మూల పైకి లేచి ఉంది. కరెంటంతా అంటుకుని ఉన్న ఆ కొంచెం చోటుకే చేరింది. మర్నాడు బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ. అది పుండై, మానడానికి రెండు నెలలు పట్టింది. నాట్లకు పొలంలో దిగలేకపోయాడు. ఆ రోజు నుంచి టూత్‌పిక్ లేకుండా నేను ఏ ఇంటికీ పోలేదు.

కాబట్టి ముందు స్పర్శ ఎక్కడిదాకా ఉందో చూడాలి. ఈ పరీక్ష ఎవరికి వారు చేసుకోలేరు, ఇంట్లో ఇంకొకరు చేయాలి. కళ్లు మూసుకోమనండి. టూత్‌పిక్ మొనతో ఒకసారి, వేలి కొసతో ఒకసారి, వరస మార్చి మార్చి తాకించండి. మొన గుచ్చుకోకూడదు, రక్తం రాకూడదు, చర్మం కొంచెం లోపలికి నొక్కుకుంటే చాలు. "మొననా, వేలా?" అని అడగండి. మొదట ముంజేతి మీద చేసి చూపిస్తే తేడా అర్థమవుతుంది. తర్వాత మోకాలి కింద మొదలుపెట్టి, రెండు వేళ్ల వెడల్పు చొప్పున కిందికి దిగండి. ప్రతి చోటా ఐదుసార్లు అడగాలి. ఐదింట్లో రెండు తప్పు చెప్పారంటే స్పర్శ అక్కడ సరిగా లేదు. ఆ చోట బాల్‌పెన్నుతో కాలి చుట్టూ గీత గీయండి. రెండో కాలికి వేరేగా చేయాలి, రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉంటాయని అనుకోవద్దు.

ఇక ప్యాడ్లన్నీ ఆ గీతకు నాలుగు వేళ్లు పైనే ఉండాలి. గీత కింద ఒక్కటీ వద్దు.

చండూరు దగ్గర ఒక అవ్వకు ఇలా గీత గీసి పిక్క పైభాగంలో ప్యాడ్ పెడుతుంటే, "పాదం మండుతుంటే పిక్కకు పెడ్తవేంది బిడ్డా?" అని గదమాయించింది. న్యాయమైన ప్రశ్నే. పాదానికి పోయే నరాలు మోకాలి దగ్గరి నుంచే దిగుతాయి. కాలువ చివర నీళ్లు అందకపోతే చివర నిలబడి తవ్వితే లాభం లేదు, తూము దగ్గరికి పోవాలి. ఒక నరం మోకాలి బయటి వైపు, కొంచెం కింద చేతికి తగిలే చిన్న ఎముక బుడిపె పక్కనుంచి వంపు తిరిగి ముందుకు పోతుంది. ఒక ప్యాడ్ ఆ బుడిపె కిందే అంటించాలి. ఇంకొక నరం మోకాలి వెనక గుంట మధ్య నుంచి పిక్క లోపలికి దిగుతుంది. రెండో ప్యాడ్ ఆ గుంటకు రెండు వేళ్లు కింద. రెండు ప్యాడ్ల మధ్య కనీసం ఒక ప్యాడ్ వెడల్పు ఖాళీ ఉండాలి, అంచులు తగలకూడదు.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది? కరెంటు మెల్లగా పెంచుతుంటే జుమ్ముమనడం ప్యాడ్ కిందే ఆగిపోకుండా నరం వెంట కిందికి, పాదం వైపు పాకాలి. పాకకపోతే కరెంటు పెంచడం కాదు చేయాల్సింది. సున్నాకు తెచ్చి, ప్యాడ్ తీసి, అర అంగుళం జరిపి మళ్లీ చూడాలి. మొదటి రోజు దీనికే పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. దొరికిన చోట ప్యాడ్ చుట్టూ పెన్నుతో చతురస్రం గీసి ఉంచితే రేపు వెతకక్కర్లేదు. అవ్వకు నాలుగోసారి జరిపినప్పుడు, "ఆఁ... ఇప్పుడు ఏళ్లల్లకు దిగింది" అంది.

గీత మోకాలి దాకా వచ్చేసిన వాళ్లు ఇంట్లో సొంతంగా పెట్టుకోవద్దు. మిగతావాళ్లు నెలకోసారి పరీక్ష మళ్లీ చేయాలి. షుగర్ అదుపులో లేకపోతే ఆ గీత పైకి జరుగుతుంది.

సయాటికా అయితే ఒక ప్యాడ్ నొప్పి ఉన్న వైపు నడుము దగ్గర, వెన్నెముక మీద కాదు, పక్కనున్న కండ మీద. రెండోది పిరుదు కింద తొడ వెనక. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలకు, బొంబాయి, పుణె పోయి కట్టుబడి పని చేసి వచ్చిన పాలమూరు వాళ్లకు నేను ఇలాగే పెడతాను. సర్పి తర్వాతి మంటకు మాత్రం ముట్టుకుంటే చాలు భగ్గుమనే చర్మం మీద ప్యాడ్ వేయకూడదు. చొక్కా తగిలినా నొప్పి రాని చోటు దాకా వెనక్కి, వీపు వైపు జరగాలి. ఛాతీ మీద వచ్చిన సర్పి అయితే రెండు ప్యాడ్లూ వీపు మీదే, వెన్నెముక పక్కనే.

పాదాలు పెట్టి కూర్చునే కరెంటు చాపలను నేను షుగర్ ఉన్న ఇంట్లో ఉండనివ్వను. స్పర్శ లేని చర్మానికే నేరుగా కరెంటు ఇస్తాయవి. అలాగే టౌన్‌లో పెద్ద మిషన్ మీద ఐఎఫ్‌టీ అనే ఇంకో రకం కరెంటు పెట్టించుకోవడానికి రోజూ బస్సెక్కే వాళ్లున్నారు. దేవరకొండ నుంచి నల్లగొండకు కుదుపుల్లో వచ్చి, ఇరవై నిమిషాలు కరెంటు పెట్టించుకుని, మళ్లీ అదే కుదుపుల్లో తిరిగి పోతే ఇంటికి చేరేసరికి తగ్గిన నొప్పి కూడా తిరిగొస్తుంది. చోటు సరిగ్గా దొరికితే జేబులో పట్టే మిషన్ చాలు.

ఎంత, ఎంతసేపు

నార్మల్ మోడ్, ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్, పల్స్ వెడల్పు 100 మైక్రోసెకన్లు. మొదటి రెండు వారాలు ఇవి మార్చొద్దు. తర్వాత కరెంటు తీరు దానంతటదే మారుతుండే మాడ్యులేషన్ మోడ్‌కు మారండి. రోజూ ఒకే రకం కరెంటు ఇస్తుంటే ఒళ్లు దానికి అలవాటు పడి గుణం తగ్గుతుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక అరగంట, అవసరమైతే పొద్దున ఒక అరగంట.

కరెంటు గట్టిగానే తెలియాలి, కానీ నొప్పి పుట్టకూడదు, ఈ మోడ్‌లో కండ ఎగరకూడదు. భయపడి గిలిగింత దగ్గరే ఆపేసేవాళ్లకు సాధారణంగా గుణం కనిపించదు. ఐదారు నిమిషాలకు జుమ్ముమనడం మెత్తబడుతుంది, అప్పుడు ఇంకొక్క మెట్టు పెంచండి. పక్కన కూర్చున్న మనవడి చేతికి మాత్రం నాబ్ ఇవ్వొద్దు, ఎవరి కరెంటు వాళ్లే పెంచుకోవాలి.

మొదలుపెట్టే ముందు నొప్పికి సున్నా నుంచి పదిలో ఎంత వేస్తారో నోట్‌బుక్‌లో రాయండి, తీశాక మళ్లీ రాయండి. రెండు మూడు వారాల లెక్కలో తేడా కనిపించకపోతే ఇది మీకు పని చేయడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లి వేరే దారి అడగండి.

తీసేటప్పుడు ముందు సున్నాకు తెచ్చి ఆపేయాలి, ఆ తర్వాతే ప్యాడ్. వైరు పట్టి లాగకుండా అంచు పట్టుకుని ఒలవండి. కింద చదరంగా లేత ఎరుపు కనిపిస్తుంది, కాసేపటికి పోవాలి. మర్నాటికీ ఉంటే ఆ ప్యాడ్ ఒంటికి పడలేదని అర్థం, ఆపేయండి.

ప్యాడ్ వెనక వచ్చిన ప్లాస్టిక్ రేకు పారేయొద్దు, తీసిన వెంటనే ప్యాడ్‌ను దానికే అంటించి కవర్లో మూసి పెట్టాలి. పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో ఎగిరే దూది నూగు జెల్‌కు పట్టుకుంటే ఆ ప్యాడ్ పని అయిపోయినట్టే. ఎండాకాలం మన దగ్గర గోడ అల్మారాలో పెడితే జెల్ ఎండి పెచ్చులు కడుతుంది, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. అంటు తగ్గితే వేలి కొసతో ఒక్క నీటి చుక్క రాసి రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ మూల లేస్తుంటే ఆ ప్యాడ్ మళ్లీ ఒంటికి పెట్టొద్దు, కొత్తది తెచ్చుకోండి.