ఫైరింజన్ మన సందులోకి వచ్చేలోపల ఏం చెయ్యాలంటే

పోయిన ఎండాకాలం తిరుపతిలో మా సందులో ఒకింట్లో వడలు వేస్తా ఉంటే బాణలిలో నూనె అంటుకునింది. ఆయమ్మ కంగారుపడి చెంబుడు నీళ్ళు పోసేసింది, అంతే, మంట ఒక్కసారిగా అటక దాకా లేచింది, మోచేతి దాకా చెయ్యి కాలిపోయింది పాపం. ఫైరోళ్ళు ఫోన్ చెయ్యంగానే బయల్దేరినారు కానీ సందు మొదట్లో రెండు పక్కలా బైకులు, మధ్యలో ఒక ఆటో, ఇంజన్ లోపలికి రాలేక పైపు భుజానేసుకుని పరిగెత్తుకుంటా వచ్చినారు. ఆ రోజు నుంచి నాకు మనసులో ఒకటే, ఇంజన్ వచ్చేలోపల ఉండే ఆ కొన్ని నిమిషాలు మనవే, అప్పుడు ఏం చెయ్యాలో ముందే తెలిసుండాలి అని. స్టేషన్‌కి పోయి అడిగి నేర్చుకున్నవి, మా ఇంట్లో మార్చుకున్నవి రాస్తా ఉన్నా.

ముందు నూనె సంగతి. కాలే నూనెలో నీళ్ళు పడితే అడుక్కి పోయి ఒక్క క్షణంలో ఆవిరైపోతాయి, ఆవిరైతే సుమారు 1,700 రెట్లు ఉబ్బుతాయి, ఆ ఊపుకి మండే నూనె అంతా బయటికి ఎగజిమ్ముతుంది. కాబట్టి నీళ్ళు అస్సలు వద్దు. చెయ్యి అందితే స్టవ్ ఆపండి, బాణలికి సరిపోయే మూత పక్కనుంచి జరిపినట్టు మూసెయ్యండి, చల్లారేదాకా ఎత్తి చూడొద్దు, బాణలి ఎత్తుకుని బయటికి పరిగెత్తొద్దు. మా ఇంట్లో ఇప్పుడు వేపుడు మొదలుపెట్టే ముందే పెద్ద మూత ఒకటి పక్కన పెట్టుకుంటాం.

గ్యాస్ వాసనొస్తే ఇంకా జాగ్రత్త. ఎల్పీజీకి నిజానికి వాసన ఉండదు, లీకైతే మనకు తెలియాలనే ఆ కంపు కలుపుతారు. అది గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకతా మంచాల కింద, మూలల్లో నిలబడిపోతుంది. అందుకే వాసనొస్తే లైటు వెయ్యొద్దు, వేసి ఉంటే ఆపొద్దు, ఎందుకంటే స్విచ్ ఎటు నొక్కినా నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యానూ అంతే. రెగ్యులేటర్ ఆపెయ్యండి, తలుపులు కిటికీలు తెరవండి, అందరూ బయటికి వచ్చినాక అక్కడినుంచి 1906కి ఫోన్ చెయ్యండి, గ్యాస్ లీకుల కోసమే ఉండే నంబర్ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. రబ్బరు పైపు 5 సంవత్సరాలకు ఒకసారి మార్చాలి, తేదీ పైపు మీదే అచ్చేసి ఉంటుంది, ఇప్పుడే లేచి చూడండి. మేము చూస్తే మాది ఎప్పుడో దాటిపోయి ఉంది.

కరెంటు లెక్క ఒకటి చెప్తా. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, 230 వోల్టులతో లెక్కేస్తే దగ్గరదగ్గర 1,400 వాట్లు. 2,000 వాట్ల గీజరో ఇండక్షన్ స్టవ్వో దాంట్లో గుచ్చితే, లేదా ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఐరన్ బాక్స్, కెటిల్ అన్నీ కలిపి గుచ్చితే వైరు లోపల్లోపలే వేడెక్కి కరిగిపోతుంది. ప్లగ్ పట్టుకుంటే వెచ్చగా ఉందా, స్విచ్ బోర్డు దగ్గర కాలిన వాసన ఉందా, ఆ రోజే ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోతా ఉందని దాన్ని తీసేసి పెద్దది పెట్టించుకునే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, అది పడిపోయేదే వైరు కాలకుండా. ఎలక్ట్రిక్ స్కూటర్ మెట్ల కింద చార్జింగ్ పెట్టడం కూడా మానుకోండి, అక్కడ అంటుకుంటే పై ఇంటోళ్ళకి దిగే దారే ఉండదు.

పొడి ఎక్స్‌టింగ్విషర్ (పొడి చిమ్మి మంటలార్పే సిలిండర్) చిన్నది కొని వంటింటి లోపల కాకుండా గుమ్మం దగ్గర తగిలించండి. దాని మీటర్లో ముల్లు పచ్చ గీత మీద ఉండాలి. పిన్ను లాగి, గొట్టం మంట మొదలుకి గురిపెట్టి, నొక్కతా ఇటూ అటూ ఊపాలి. పది పదిహేను సెకండ్లలో అయిపోతుంది, అందుకని మన వీపు ఎప్పుడూ తలుపు వైపే ఉండాలి, ఆరకపోతే వదిలేసి బయటికి వచ్చెయ్యడమే. పొగ నిండిపోతే వంగి నేలకి దగ్గరగా పాకతా రండి, ఊపిరి ఆడేది అక్కడే.

కాలిన చేతికి టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు ఇవేవీ రాయొద్దు. గాజులు ఉంగరాలు తీసేసి 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి, ఐస్ వద్దు, శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టి ఆస్పత్రికి.

101కి ఫోన్ చేస్తే (112 అయినా పర్లేదు) కేకలు పెట్టకుండా ఏ వీధి, దగ్గర్లో ఏ గుడి, ఏం కాలతా ఉంది, లోపల ఎవరైనా ఉన్నారా, ఇవి చెప్పండి, వాళ్ళు ఫోన్ పెట్టేసేదాకా మీరు పెట్టెయ్యొద్దు. ఒక మనిషి మెయిన్ రోడ్డులో నిలబడి దారి చూపాలి, ఇంకొకరు బైకులు తీయించాలి. సంపు ఎక్కడుందో కూడా చెప్పండి, ఇంజన్లో నీళ్ళు చూస్తా ఉండంగానే అయిపోతాయి.

చిత్తూరు పక్క రైతన్నలకి ఒక మాట. చెరుకు కొట్టినాక ఆకుని మధ్యాహ్నం గాలిలో కాల్చొద్దు, పక్కోళ్ళ కయ్యలోకి ఎప్పుడు దూకుతుందో తెలీదు, కాల్చకుండా సాళ్ళ మధ్య పరిస్తే భూమికి తేమ నిలుస్తుంది. గడ్డివామి కరెంటు తీగల కింద వెయ్యొద్దు. తిరుమల కొండకి నడిచి పోయే వాళ్ళు మెట్ల మీద కర్పూరం వెలిగిస్తే ఆరేదాకా ఉండి పోండి, 2014 మార్చిలో అక్కడి శేషాచలం అడవి మండినప్పుడు హెలికాప్టర్లతో నీళ్ళు పోయాల్సి వచ్చింది.

ఫైరోళ్ళు మంటలప్పుడే కాదు, బావిలో ఆవు పడినా, వరదొచ్చినా వాళ్ళే వస్తారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి అరవై మందికి పైగా ఫైర్ సిబ్బంది పోయినారు, వాళ్ళ గుర్తుగా. ఆ వారంలో స్కూళ్ళకి, వీధులకి వచ్చి నేర్పిస్తారు. మేము నలుగురం పోయి అడిగితే మా వీధికి వచ్చి సిలిండర్‌కి నిజంగానే నిప్పంటించి, తడి గోనెసంచి కప్పి ఎట్ల ఆర్పాలో చూపించినారు, తర్వాత మా ఆడోళ్ళ చేత కూడా చేయించినారు. చెయ్యి కాలిన ఆయమ్మే అందరికంటే ముందు పోయి గోనెసంచి పట్టుకునింది. ఇప్పుడు మా సందులో బైకులన్నీ ఒకే పక్కన పెడతా ఉన్నారు.